కాగితం కోసిన కత్తెర

నేను ఒక కత్తెరను. గోళ్ళు తీసుకునే చిన్నాచితకా కత్తెరను కాదు, దర్జీ కత్తెరను. కాసేపు పట్టుకుంటే మణికట్టు లాగేంత బరువు నాది. ఎక్కడో ఉత్తరాదిన ఒక కొలిమిలో నా రెండు రెక్కలనూ వేరువేరుగా సాగగొట్టి, సాన పట్టి, మధ్యలో మరమేకు బిగించారు. అంతకుముందు అవి రెండూ దేనికీ కొరగాని ఇనుప ముక్కలు.

నా మొదటి యజమాని ఒక నాటకాల కంపెనీకి దుస్తులు కుట్టేవాడు. నాచేత ఎందరో మహారాజుల అంగీలు కోయించాడు. ముందువైపు జరీ, జనానికి కనపడని వెనకవైపు గోనెగుడ్డ. రాజులు కూడా ఆ సంగతి మరిచిపోయి దర్జాగా తిరిగేవారు. కంపెనీ మూతపడ్డాక అతను నన్ను చిలకలూరిపేటలో కాశింపీరు అనే దర్జీకి అమ్మేసి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

కాశింపీరు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. పొద్దున్నే మరమేకు దగ్గర ఒక చుక్క మిషను నూనె వేసి, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. ఆ దుకాణంలో ఉన్నది ఒకటే చట్టం. నాతో కాగితం కోయకూడదు. కాగితం తగిలితే గుడ్డ కత్తెర పదును పోతుందని దర్జీలందరికీ తెలుసు. ఇతను మాత్రం ఆ మాటను మతంలా పాటించాడు. కిళ్ళీ పొట్లం దారం తెంపడానికి ఎవరైనా నావైపు చెయ్యి చాపితే చాలు, పుట్టి మునిగినట్టు కేకలేసేవాడు. నాకూ అంత గౌరవం బాగానే ఉండేది.

అతని కూతురు జాన్‌బీ పదో తరగతి అయ్యాక తండ్రి పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. తల్లి హుస్సేనమ్మ జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత చక్కెర జబ్బు కాశింపీరు చూపును తినేసింది. దుకాణమూ నేనూ జాన్‌బీ చేతికి వచ్చాం. ఆయన గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ చీరల అంచులు కుట్టేవాడు.

జాన్‌బీకి ఇంకో పిచ్చి ఉండేది. కథలు రాసేది. గిరాకీ లేని మధ్యాహ్నాలు టేపు మెడలో ఉండగానే కాగితాల ముందు కూర్చునేది. మాట తోచనప్పుడు బల్ల కింద ఆమె కాలు మిషను తొక్కినట్టు ఆడేది. ఎంత తొక్కినా కొన్ని రోజులు ఒక్క వాక్యం కూడా కదిలేది కాదు. మంచి బట్టను చేజేతులా ఎంచుకుని, దాని ముందు కూర్చుని తలపట్టుకోవడం మనుషులకే చెల్లింది.

చిన్న కథలు కొన్ని అచ్చయ్యాయి. ఆ ధైర్యంతో నవల మొదలుపెట్టింది. సాబిరా అనే అమ్మాయి సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకోవడానికి పడే తంటాలు. ఏళ్ళు పట్టింది. ఒక వారపత్రిక సంపాదకుడికి పంపితే, ఆయన ఫోన్ చేసి సీరియల్‌గా వేస్తానంటూనే మెలిక పెట్టాడు. "కథ వదులుగా ఉందమ్మా. బిగించి పంపండి. ఉగాది దాకా ఆగుతాను. ఆ తర్వాత ఇంకొకరిది మొదలుపెట్టేస్తాం."

బిగించడం అంటే జాన్‌బీకి తెలియనిది కాదు. ఎన్ని జాకెట్లు బిగించలేదు! కానీ ఈ బట్ట ఎక్కడ వదులుగా ఉందో ఆమెకు అంతుపట్టలేదు. మొదటి పేజీని తిరగరాసింది, మళ్ళీ తిరగరాసింది. ఎన్నిసార్లు రాసినా కథ లావెక్కడమే గాని చిక్కింది లేదు. చివరికి జాకెట్ కోసం వచ్చిన ఎస్తేరు టీచరు చేతిలో మొత్తం కట్ట పెట్టింది.

వారం తిరగకుండా టీచరు తిరిగొచ్చింది. కాగితాల కట్ట తిరిగిస్తూనే మొదలుపెట్టింది. "ఏమీ అనుకోవు గదా జాన్‌బీ? ముక్కలన్నీ బంగారమే. కానీ కట్టుకోడానికి చీర ఏదమ్మా? బొంత కుట్టావు నువ్వు."

ఆ మాట జాన్‌బీకి సూటిగా తగిలింది. దర్జీ ఇంట్లో ముక్క పారేయరు. జానెడు పట్టు మిగిలినా మూట కట్టి దాస్తారు. చేతుల అంచుకో, చంటిదాని గౌనుకో పనికొస్తుందంటారు. ఆమె నవలలోనూ అదే చేసింది. బాగా కుదిరిన ప్రతి వర్ణననూ, తను విన్న ప్రతి ముచ్చటనూ ఎక్కడో ఒకచోట అతికింది. గుడ్డ విషయంలో పొదుపైన బుద్ధి కథ విషయంలో కొంప ముంచింది.

మర్నాడు కాగితాలన్నీ కోత బల్ల మీద పరిచింది. చూట్టానికి పెళ్ళివారి బట్టలు కోయబోతున్నట్టే ఉంది. తర్వాత నన్ను తీసుకుంది. నేను నమ్మలేకపోయాను. ఒక పేరా పక్కన నా రెక్క ఆనింది. సర్రున కోసింది.

గుమ్మం దగ్గర కాశింపీరు సూది ఆగింది. "ఏందే ఆ చప్పుడు? కాగితం గదూ?"

"అవును నాయనా."

"ఏ కత్తెర?"

జాన్‌బీ వెళ్ళి నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో నా అంచు తడిమాడు. ఇక ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. "సర్లే. సాన పట్టేవాడు వస్తాడు గదా, కానియ్," అని నన్ను తిరిగి ఇచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ నా పరువు కూతురి మీద ప్రేమ ముందు చిల్లిగవ్వకు కూడా పనికిరాలేదు.

ఆమె కోసిన ముక్కలను వరస మార్చి, పాత దినపత్రికల మీద గుండుసూదులతో గుచ్చేది. చదివేది, నచ్చక సూదులు పీకేది. వేళ్ళకు సూదులు గుచ్చుకున్నా పట్టించుకునేది కాదు గాని, ఒక మంచి వాక్యం చెత్తబుట్టలో పడితే కళ్ళు తుడుచుకునేది. ఆమెను చూస్తే నాకు జాలేసింది. పదును పోతోందన్న నా దిగులు నెమ్మదిగా మరుగున పడింది.

కథ సన్నబడింది. నడక వచ్చింది. కానీ మధ్యలో ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయేది. అది సాబిరా తల్లి చావు. అందులో జాన్‌బీ రాసింది తన తల్లి గురించే. ఆ తల్లి చిరునవ్వుతో అన్నీ సహిస్తుంది, చివరికి కూతురి తల నిమురుతూ కన్నుమూస్తుంది. జాన్‌బీ ఆ పేజీలను సాయంత్రాలు తండ్రికి చదివి వినిపించేది. ఆయన తల వంచుకుని వినేవాడు, ఒక్క మాటా అనేవాడు కాదు. ఆ మౌనం కన్నీళ్ళేనని ఆమె నమ్మకం.

ఆ అధ్యాయం తీసేస్తే తప్ప కథ ముందుకు సాగదని ఆమెకు తెలిసిపోయింది. తీస్తే అమ్మను మళ్ళీ మట్టిలో పెట్టినట్టే అనిపించింది. నన్ను విప్పి ఆ కాగితాల మీద ఆనించి, కోయకుండానే మూసేది. ఇలా చాలాసార్లు జరిగింది. ఉగాది దగ్గరపడింది. ఒకరోజు పళ్ళు బిగించి కోసేసింది.

ఆ సాయంత్రం తండ్రికి నవల చదివింది. ఆ చోటు రాగానే ఆయన తల ఎత్తాడు.

"మీ అమ్మ ఏదే?"

"తీసేశాను నాయనా. కథకు అడ్డమొస్తంది. తిడితే తిట్టు."

"తిట్టడానికి ఆమె మీ అమ్మయితే గదా!"

జాన్‌బీ బిత్తరపోయింది. ఆయన సూది చాప అంచుకు గుచ్చాడు. "అంత నెమ్మదస్తురాలితో నేనెప్పుడు కాపరం జేశానే? మీ అమ్మ నోరు తెరిస్తే గడియారస్తంభం దాకా ఇనపడేది. ఆ నోరు యాడబెట్టావు? నువ్వు సదివినప్పుడల్లా ఎవరో పరాయి ఆడమనిషి సచ్చిపోయినట్టుండేది. నువ్వు బాధపడతావని గమ్మునున్నా."

నాకూ అది నిజమేననిపించింది. నేనెరిగిన హుస్సేనమ్మ ఆ కాగితాల్లో ఏనాడూ లేదు.

జాన్‌బీకి కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ చెప్పనందుకు తండ్రి మీద, చూడలేకపోయినందుకు తన మీద. కొన్నాళ్ళు కాగితాలు ముట్టలేదు. ఉగాది దాటిపోయింది, వారపత్రికలో ఇంకొకరి నవల మొదలైంది. తర్వాత మళ్ళీ కూర్చుంది. ఇప్పుడు తల్లి చావు కాదు, తల్లి మాట కావాలి. ఆ మాట ఓ పట్టాన దొరకలేదు. రాసినదల్లా కోసింది. నా అంచు గరుకెక్కింది, గుడ్డ మీద పెడితే పోగులు లాగడం మొదలైంది. బట్టలకు కొత్త కత్తెర కొన్నారు. నేను కాగితాల బల్ల మీదికి మారాను. అడిగితే చెబుతాను, ఈ చోటే నాకు నచ్చింది. మహారాజుల అంగీల కన్నా ఇక్కడ పని కష్టం.

ఒక మధ్యాహ్నం ఒక పేజీ వచ్చింది. సాబిరా ఇంట్లో తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడిని పిలిచే పేజీ. జాన్‌బీ దాన్ని పట్టుకుని తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె మెల్లగా చదవడం మొదలుపెట్టింది. ఆ మాటల దగ్గరికి వచ్చేసరికి మెల్లగా చదవడం కుదరలేదు.

"ఏందయ్యో, కూడు సల్లారిపోతంటే ఇంకా ఆ మిషను తొక్కతానే ఉన్నావు! దాన్నే నిఖా చేసుకోకపోయినావా? లేస్తావా, లేవవా?"

"వస్తన్నానే, ఆగు," అన్నాడు కాశింపీరు. చెయ్యి నేలకు ఆనించి సగం లేచాడు.

లేచినవాడు అలాగే ఆగిపోయాడు. కాసేపటికి మళ్ళీ చాప మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ పేజీని జాన్‌బీ మళ్ళీ దిద్దలేదు.