పనికిరాని చదువు

"మీ అమ్మ డిగ్రీ చదివింది కదా, అందుకే కుక్కర్ విజిల్స్ ఒక్కటి కూడా తప్పిపోకుండా లెక్కపెడుతుంది" అన్నాడు నా భర్త, కంచంలోంచి తలెత్తకుండానే.

మా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటకు నవ్వడం నాకు పద్దెనిమిదేళ్ళ అలవాటు. కానీ ఆ వారం అది హాస్యం కాదు, తీర్పు.

అమ్మాయి పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. ప్రభుత్వ కాలేజీలో కెమిస్ట్రీ డిగ్రీకి సీటు వచ్చింది. శనివారంలోగా వెళ్ళి చేరాలి. వారం రోజులుగా మా ఇంట్లో భోజనాల దగ్గర ఆ సీటు విలువ తేలుస్తున్నారు. రోజూ రెండు బస్సులు మారాలి. లెక్చరర్లు సగం రోజులు రారట. మూడేళ్ళు అరిగాక చేతికొచ్చేది ఒక కాగితం. అదే మా ఆడపడుచు బట్టల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చుంటే రేపటినుంచే జీతం, పైగా మేనత్త కళ్ళ ముందుంటుంది.

"సాక్ష్యం ఎక్కడో వెతకడం ఎందుకమ్మా, ఇంట్లోనే ఉంది. మీ అమ్మదీ ఆ కాలేజీయే, ఆ డిగ్రీయే. ఏం చేసింది?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. నా ఎదురుగా, నేను చారు వడ్డిస్తుండగా, నా కూతుర్ని అడిగాడు.

ఏం చేశాను? ఆ డిగ్రీ నాకు ఊరికే రాలేదు. ఇద్దరిలో ఒక్కరినే పైకి చదివించగలనని మా నాన్న చెప్పినప్పుడు, అక్క తన పుస్తకాలు నాకిచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. లేచేసరికి దానికి నడుము వంగిపోయింది. నేను పాసయ్యాక మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పదకొండు నెలలు చేశాను. నా కోటు మీద నా పేరు కుట్టి ఉండేది, కుట్టింది అక్కే. పెళ్ళయింది, పాప పుట్టింది. "కోడలు చదువుకుందంటే చెప్పుకోడానికి బాగుంటుంది గానీ, అది ఉద్యోగానికి పోతే ఇల్లెవరు చూస్తారు?" అంది అత్తగారు. "పాప నడిచేదాకా మానెయ్, తర్వాత చూద్దాం" అన్నాడు ఈయన. పాప నడిచింది, పరుగెత్తింది, నాకంటే పొడుగైంది. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు. "నీ చదువు పనికొస్తోందా?" అని అక్క ఫోన్లో ఎప్పుడైనా అడిగితే, "ఎందుకు రాదే" అంటాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఎందుకంటే నా భర్త బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. డిగ్రీ మధ్యలోనే మానేసి సూపర్‌వైజరుగా చేరాడు. ఫ్యాక్టరీలోంచి బయటికి వదిలే నీళ్ళను పరీక్షించి నెలనెలా రిపోర్టు ఇవ్వాలి. ఒకసారి కెమిస్టు చెప్పకుండా మానేస్తే ఆ పని ఈయన నెత్తిన పడింది. ఆ రాత్రి తేలు కుట్టిన దొంగలా వంటింటి గుమ్మంలో నిలబడి, "నీకు ఇవన్నీ తెలుసు కదా" అన్నాడు. టీ గ్లాసూ, మందు పోసే డ్రాపరూ ముందు పెట్టి, ఒక్కో చుక్క వేస్తూ రంగు మారగానే ఎలా ఆపాలో చూపించాను. రెండు రోజులకే విసుగొచ్చింది ఆయనకి. "అంకెలు నేను తెస్తాను, మిగతాది నువ్వు చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. అప్పటినుంచీ ప్రతి నెలా అంకెలొస్తాయి. ఏది ఎందుకు పెరిగిందో, ఏం కలిపితే తగ్గుతుందో నేను రాస్తాను. కింద ఆయన సంతకం ఉంటుంది. రెండు ప్రమోషన్లు వచ్చాయి. ఉత్తమ ఉద్యోగి అని ఒక షీల్డు ఇచ్చారు. దాని మీద దుమ్ము తుడిచేది నేనే. కంచే చేను మేసిందని నాకెప్పుడూ తోచలేదు. మొగుడు పైకొస్తే పెళ్ళాం పైకొచ్చినట్టే అని అందరూ అంటుంటే, కాబోలనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నేనూ అమ్మాయీ దుప్పట్లు ఉతికి పిండుతున్నాం. అదొక కొసా, నేనొక కొసా.

"నాన్న చెప్పేదీ నిజమేనేమో అమ్మా. ఏమీ అనుకోకు. నువ్వు అంత కష్టపడి చదివావు, ఏమొచ్చింది?"

దాని గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. ఎగతాళికి నవ్వడం నాకు తెలుసు.

ఏదో చెప్పబోతుంటే ఫోన్ మోగింది. చేతులు సబ్బు. "స్పీకర్‌లో పెట్టు" అంటే అమ్మాయి నొక్కింది.

"ఏమోయ్, తొందరగా చెప్పు" అన్నాడు ఆయన, గుసగుసగా. ఏ మెట్ల కిందో నిలబడ్డట్టున్నాడు. "తనిఖీకి వచ్చారు. మార్చిలో పీహెచ్ అంత ఎందుకు పెరిగిందని అడుగుతున్నారు. ఏం రాశావు నువ్వు?"

"ఆ వారం ట్యాంకులో సున్నం ఎక్కువ పడింది. మూడో పేజీ చివర రాశాను. నాలుగు రోజుల్లో మామూలుకొచ్చింది, ఆ అంకెలు కూడా పక్కనే ఉన్నాయి, చూపించండి."

"సున్నం... మూడో పేజీ... సరే, సరే" అని పెట్టేశాడు.

అమ్మాయి దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నాన్న రిపోర్టులు నువ్వు రాస్తావా?"

"పిండు. నీళ్ళు కారుతున్నాయి."

"ఎన్నాళ్ళనుంచి?"

"నీకు రెండో పన్ను వచ్చినప్పటినుంచి."

అది దుప్పటిని ఎవరి మీదో కోపం ఉన్నట్టు మెలిపెట్టింది.

సాయంత్రం ఆయన హుషారుగా వచ్చాడు. తనిఖీవాళ్ళు మెచ్చుకున్నారట. "ఇంత వివరంగా రాసే మనిషిని చూడలేదన్నారు" అంటూ ఫైలు వంటింటి గట్టు మీద పెట్టాడు. "రేపు మధ్యాహ్నానికి ఈ నెలది కావాలి. అన్నట్టు, దాని మేనత్త ఫోన్ చేసింది. సోమవారం నుంచి అమ్మాయిని కొట్టుకి రమ్మంది."

నేను ఫైలు తీసి ఆయన చేతిలో పెట్టాను. "రేపు పొద్దున్నే మేమిద్దరం కాలేజీకి వెళ్తున్నాం."

"దాని సంగతి తేలిపోయిందిగా. దండగమారి చదువని."

"దండగమారిదే కదండీ. దాంతో మీ రిపోర్టు పాడుచేయడం ఎందుకు? మీరే రాసుకోండి."

మొదట నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ముందుగదివైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా. అమ్మాయి వింటుంది."

"మధ్యాహ్నమే వింది."

ఆయన ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. భయం వచ్చింది. అది చూశాక జాలి కలగాలి, ఇన్నేళ్ళూ అదే కలిగేది. ఈసారి కలగలేదు. కలగకపోవడం నాకే కొత్తగా ఉంది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది. "ఇదంతా తెలిసి కూడా నువ్వయితే మళ్ళీ చదువుతావా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "చదువుతాను. ఆ తర్వాత మాత్రం వేరేలా బతుకుతాను."

కాలేజీలో నేను చదివినప్పటి బెంచీలే ఉన్నాయి, ఒకటి రెండింటికి కాళ్ళు పోయాయి. పెచ్చులూడిన గోడ మీద పెయింటు మీద పెయింటు. లైనులో రెండు గంటలు నిలబడ్డాక గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు.

"అమ్మాయి నాన్నగారు రాలేదా?"

"లేదండీ, ఇంట్లో ఉన్నారు. రిపోర్టు రాసుకుంటున్నారు" అన్నాను.