శోభకు గీసిన గీత

తిరుమలగిరిలో ఇంటి నుంచే పనిచేసే ప్రవళికకు తన 'సర్దు' మీట అంటే కాస్త మురిపెం ఎక్కువే. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ కోసం చేసింది దాన్ని. బొమ్మలను కలిపే గీతలు ఎంత చిక్కుపడి ఉన్నా ఒక్కసారి నొక్కితే దువ్వినట్టు చక్కబడతాయి. సాయంత్రం పైఅధికారి కమలాకర్‌కు చూపించాలి. ఆయన సరేనంటే ఆమె సొంతంగా చేసి బయటికి పంపే మొదటి పని అదే.

పరీక్షించడానికి ఇంట్లోవాళ్ళ ఫొటోలతో కుటుంబం పటమే గీసింది. పైన అవ్వ నర్సింగమ్మ. కింద ఆమె కూతురు శోభ, కొడుకు కిష్టయ్య. శోభ బిడ్డ పుష్పమ్మ. ఆమెను కన్న నెలకే శోభ పోయింది. ఆ పసిగుడ్డును నర్సింగమ్మే పెంచి, పెద్దయ్యాక మేనమామ కిష్టయ్యకే ఇచ్చి చేసింది. వాళ్ళ బిడ్డే ప్రవళిక. ఈ వైపు ఇలాంటి పెళ్ళిళ్ళు కొత్తేం కాదు, సాఫ్ట్‌వేర్‌కే కొత్త.

"అవ్వా, జర చూడు" అని ముసలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మీట నొక్కింది. పటం ముచ్చటగా సర్దుకుంది.

నర్సింగమ్మ ఒక్కో ఫొటో మీద వేలు పెడుతూ వచ్చి ఆగిపోయింది.

"నా శోభ ఏది బిడ్డా?"

శోభ ఫొటో ఓ మూలన ఏ గీతా లేకుండా పడి ఉంది. పుష్పమ్మ ఎలాగూ కిష్టయ్య వైపు నుంచి నర్సింగమ్మకు కోడలిగా కలిసే ఉంది కదా, ఇంకో దారెందుకని మీట శోభ గీతలు రెండూ చెరిపేసింది. అలా చెయ్యమని నేర్పింది ప్రవళికే.

"రెండు దార్లుంటే ఒకటి తీసేస్తది అవ్వా. సాఫుగ కనవడాలెనని గట్ల పెట్టిన."

"మీ అమ్మకు అత్తను తర్వాతయిన. అమ్మమ్మను ముందుగాల. శోభ లేకుంటే మీ అమ్మ యాడికెల్లి వచ్చింది?" ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ప్రవళికకు ఏడుపొచ్చింది. వెంటనే కమలాకర్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఇయ్యాల చూపియ్యలేను. అడగకుండ ఒక్క గీత గూడ తీయొద్దు అది. మళ్ల చేస్త."

"మరి ఈసారికి నీది బయటికి పోదు" అన్నాడాయన బాధగానే.

"పోకుంటే మానె సార్."

అవ్వ చెయ్యి పట్టి మౌస్ మీద పెట్టింది. ఇద్దరూ కలిసి నర్సింగమ్మ నుంచి శోభ దాకా, శోభ నుంచి పుష్పమ్మ దాకా గీతలు లాగారు. రెండోది కిష్టయ్య మూతి మీదుగా అడ్డంగా పోయింది.

"అయ్యో, బాపుకు మీసం పెట్టినట్టయింది" అంటూ ప్రవళిక చెరపబోయింది.

నర్సింగమ్మ ఆమె చెయ్యి ఆపింది. "ఉండనీ. వాడేమనుకోడు, వాళ్ళక్కదే గద."