ఇంటిపేరు మారిన ఫోల్డరు

ఆ లిఫ్టుల కంపెనీలో సర్వర్లు చూసుకునే మనిషిని మేనేజరుతో సహా అందరూ "మరిదిగారూ" అనే పిలుస్తారు. ఆ పేరు తెచ్చిపెట్టింది అతని భార్యకు స్వయానా అక్క. ఆవిడ అక్కడే డ్రాయింగు సెక్షనుకు పెద్ద. చేరిన కొత్తలో ఒకసారి కంప్యూటరు బిగుసుకుపోతే, ఇంట్లో పిలిచినట్టే హాలు ఆ చివర నుంచి "మరిదిగారూ, ఒకసారి ఇలా రండి" అని కేకేసింది. అంతే, మర్నాటికల్లా ఊరందరికీ మరిదైపోయాడు. పెళ్ళాం ఒకత్తే అయినా వదినలు మాత్రం ముప్ఫైమంది అని తనలో తాను నవ్వుకునేవాడు, నవ్వు వచ్చే రోజుల్లో.

ఆ వారం మాత్రం నవ్వు రాలేదు.

వదినకు విడాకులై ఏడాది దాటింది. చెల్లెలి ఇంట్లోనే పైగదిలో ఉంటోంది. బ్యాంకులో, గుర్తింపు కార్డులో, ఫోను కనెక్షనులో, ఒక్కొక్క చోటే తిరిగి తిరిగి, పెళ్ళితో వచ్చిన ఇంటిపేరు తీయించి పుట్టింటిది పెట్టించుకుంది. ఆఖరికి ఆఫీసు మిగిలింది.

"లాగిన్‌లో కూడా మార్చేస్తారా మరిదిగారూ? పొద్దున్నే ఆ పేరు కొట్టి పని మొదలెట్టాలంటే ఏదోలా ఉంది."

"అయిదు నిమిషాల పని వదినా" అన్నాడతను. ఆ మాటే కొంప ముంచింది.

అక్కడ బల్లల మీద ఉండేవి పేరుకే కంప్యూటర్లు. అసలు పని జరిగేది అద్దాల గదిలోని రెండు సర్వర్లలో. గోడవైపుది ఎడమది, కిటికీవైపుది కుడిది. పొద్దున్న ఎవరు లాగిన్ అయినా, ఆ రెంటిలో ఏది ఖాళీగా ఉంటే దాని మీదికి వెళతారు. ఎక్కడికి వెళ్ళినా వాళ్ళ డెస్క్‌టాపూ డాక్యుమెంట్లూ వాళ్ళకు కనపడాలి కాబట్టి, అవన్నీ వేరే మూడో యంత్రంలో, ఎవరి పేరుతో వాళ్ళ ఫోల్డరులో ఉంటాయి. లాగిన్ అయిన మనిషి పేరు చూసి సర్వరు ఆ ఫోల్డరు తెచ్చి ముందు పెడుతుంది. పేరు మారితే కొత్త పేరుతో ఫోల్డరు తెరిచి, పాతదాంట్లోని సామానంతా అందులోకి మార్చేస్తుంది. ఆ ఏర్పాటు చేసింది మరిదే. దాన్ని చూసుకుని కాస్త గర్వం కూడా ఉండేది.

సోమవారం పేరు మార్చాడు. మంగళవారం వదిన లాగిన్ అయితే డ్రాయింగులన్నీ కళ్ళ ముందున్నాయి. బుధవారం సగమే ఉన్నాయి. గురువారం డెస్క్‌టాప్ బోడిగుండులా ఉంది.

"మరిదిగారూ, నా బొమ్మలేవీ?"

అతను పరుగున వచ్చి, ఆవిడ కుర్చీలో కూర్చుని, లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అయ్యాడు. అన్నీ ఉన్నాయి. డాక్టరు ముందు కూర్చోగానే పంటినొప్పి మాయమైనట్టు.

"ఉన్నాయిగా!"

"ఇందాక లేవు."

"సరిగ్గా చూసుండరు వదినా."

"ఇన్నేళ్ళుగా గీస్తున్నాను, నా డ్రాయింగులు నాకు కనపడవా?"

భోజనం చేసి వచ్చి తెరిచేసరికి మళ్ళీ మాయం. ఈసారి కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. ఉన్నవాటిలోనూ ఒకటి పాత కాపీ.

అతను చెయ్యని పని లేదు. ఫోల్డరు మీద హక్కులు చూశాడు, బాగానే ఉన్నాయి. ఆవిడ ప్రొఫైలు తుడిచేసి కొత్తది పుట్టించాడు. దాంతో ఆవిడ ఎన్నాళ్ళుగానో అమర్చుకున్న టూల్‌బార్లు పోయాయి గానీ జబ్బు పోలేదు. కొత్తగా ఒక దొంగ యూజరును తయారుచేసి పరీక్షిస్తే, వాడికి అన్నీ సుబ్బరంగా నడిచాయి. ఇంటర్నెట్టులో ఇదే బాధ రాసుకున్నవాళ్ళు దొరికారు. నాలుగు పేజీల గోడు చదివాక ఆఖర్న ఒకాయన "సమస్య తీరిపోయింది, ధన్యవాదాలు" అన్నాడు. ఎలా తీరిందో మాత్రం చెప్పలేదు. ఆ మహానుభావుడు ఎదురుపడితే గొంతు పట్టుకునేవాడే.

మేనేజరు వచ్చి నెత్తిన నిలబడ్డాడు. "ఏవయ్యా మరిదీ, ఆస్పత్రి బిల్డింగు లిఫ్టు గొయ్యి డ్రాయింగు ఎల్లుండి పొద్దున్నే పోవాలి. పేరు మారిస్తే ఫైళ్ళు పారిపోతాయా ఎక్కడన్నా?"

ఇంటికి వెళితే భార్య అందుకుంది. "ఊళ్ళో బ్యాంకులన్నీ మార్చగలిగాయి. ఇంట్లో మనిషివి, నీకు చేతకాలేదు. అక్క అన్నం కూడా సరిగ్గా తినలేదు, తెలుసా?"

"నేను మాత్రం తిన్నానా?"

"రెండుసార్లు వడ్డించుకున్నావు."

శుక్రవారం పొద్దున వదిన తెరవగానే మొత్తం ఖాళీ. ఆవిడ తల తిప్పి అతని వైపు చూసిందంతే. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో, హాల్లో సగంమంది వింటూండగా, అతని నోటి నుంచి జారిపోయింది:

"అసలు ఆ పాత పేరే ఉంచుకుంటే మీ సొమ్మేం పోయింది వదినా? ఇప్పుడైనా మళ్ళీ అదే పెట్టేస్తాను, పీడా పోతుంది!"

వదిన మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్టండి" అంది నెమ్మదిగా. "అన్నిచోట్లా వదిలింది. మీ దగ్గరే వదల్లేదు."

అతనికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళ నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఫాన్ల హోరులో కాసేపు ఊరికే నిలబడ్డాడు. సర్వరును ఒక్క తన్ను తన్నాలనిపించింది. మేనేజరును తన్నాలనిపించింది. అందరికన్నా ముందు తనను తాను.

చల్లగాలికి బుర్రలో వేడి కాస్త దిగింది. ఈ వారం తను చేసిన పరీక్షలన్నీ ఎక్కడ కూర్చుని చేశాడు? కుడిదాని మీద. తన లాగిన్ ఎప్పుడూ దానికే కట్టేసి ఉంటుంది; వదిన కుర్చీలో కూర్చుని చూసిన ఆ ఒక్కసారీ దాని మీదికే పోయుంటుంది. ఎడమదాని మీద వదినగా లాగిన్ అయినప్పుడు ఏం జరుగుతుందో ఒక్కసారీ చూడలేదు.

బయటకు వచ్చి వదిన బల్ల దగ్గర నిలబడ్డాడు. "వదినా, ఒక్క ముక్క టైపు చెయ్యండి." తెర మీద నల్ల కిటికీ తెరిచి కమాండు చెప్పాడు.

"ఏమిటిది?"

"సర్వరు దృష్టిలో మీరెవరో అడుగుతుంది."

ఆవిడ కొట్టింది. జవాబు ఒక్క లైను వచ్చింది. అందులో పెళ్ళినాటి ఇంటిపేరు.

"కొత్త పేరుతోనే కదా లోపలికి వచ్చాను!" అంది వదిన.

"ఇప్పుడు మీరు ఎడమదాని మీదున్నారు." అతను తెరవైపు వేలు చూపించాడు. "తాళం దగ్గర కొత్త పేరు ఒప్పుకుంది. కానీ లోపల దీని జ్ఞాపకంలో పాతదే ఉంది. నెలల తరబడి దీన్ని ఆపి మళ్ళీ మొదలెట్టలేదు. కుడిదాన్ని సోమవారం సాయంత్రం ఫాను మార్చినప్పుడు ఆపాం, అందుకే దానికి కొత్త పేరు తెలుసు."

అప్పుడు తెలిసింది ఆ వారమంతా ఏం జరిగిందో. వదిన కుడివైపు వెళితే అది సామానంతా కొత్త పేరు ఫోల్డరులోకి మోసింది. ఎడమవైపు వెళితే "అబ్బే, ఈవిడ పేరది కాదు" అని మళ్ళీ పాతదాంట్లోకి మోసుకొచ్చింది. మొయ్యడం పూర్తికాకముందే తెరిస్తే సగమే కనిపించేవి. చేతులు మారినప్పుడల్లా కొన్ని దారిలో మిగిలిపోయాయి, ఒకటి రెండు పాత కాపీల కింద నలిగిపోయాయి.

"ఎడమది ఆపాలి" అన్నాడు మేనేజరుతో.

"ఇప్పుడా? సగం సెక్షను దాని మీదే ఉంది. ఆదివారం చూసుకో."

"ఆదివారం దాకా ఆవిడ ఫైళ్ళు ఉంటాయని రాసివ్వండి, ఆగుతాను."

ఇన్నేళ్ళలో అతను మేనేజరుకు ఎదురు చెప్పడం అదే మొదలు. మేనేజరు ముక్కు రుద్దుకుని, భోజనాల వేళకు సరేనన్నాడు. గొణుక్కుంటున్న తన సెక్షనువాళ్ళను వదినే లేపింది. "సేవ్ చేసుకుని లేవండర్రా. ఆకలి ఎలాగూ వేస్తుందిగా."

అందరూ వెళ్ళాక సర్వరు ఆపాడు. అది మళ్ళీ లేచేలోగా రెండు ఫోల్డర్లూ పక్కపక్కన తెరిచి, ఒక్కొక్క ఫైలూ పోల్చి, కొత్తదేదో చూసి కొత్త పేరు ఫోల్డరులో చేర్చాడు. తరవాత వదినను ఎడమదాని మీద లాగిన్ చేయించాడు, కుడిదాని మీద చేయించాడు. రెండుచోట్లా ఒకటే పేరు, ఒకటే సామాను.

ఒక్కటి తప్ప. ఆస్పత్రి లిఫ్టు గొయ్యి డ్రాయింగు మొన్నటిదే మిగిలింది. నిన్న రోజంతా ఆవిడ గీసింది పోయింది. బ్యాకప్పులో వెతికితే, అదీ మొన్నటిదే.

"నావల్లే వదినా" అన్నాడు. "డ్రాయింగు సంగతీ, పొద్దున అన్న మాటా."

వదిన కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. "డ్రాయింగు మళ్ళీ గీస్తాను, కొలతలు బుర్రలో ఉన్నాయి. ఆ మాట మర్చిపోవడానికి మాత్రం కొన్నాళ్ళు పడుతుంది మరిదిగారూ. తొందరపెట్టకండి."

అతను తలూపాడు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయినా ఆవిడ గీస్తూనే ఉంది. అతను రెండు బల్లల అవతల కూర్చుని, ఇంకెవరి పేర్లన్నా ఈ మధ్య మారాయేమో చూస్తున్నాడు. కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఒకతె, వచ్చే నెలలో మార్చమని అడిగింది. అది చూడగానే ఆ పేరు పక్కన "ముందు రెండు సర్వర్లూ ఆపాలి" అని రాసుకున్నాడు.

ఫోను మోగింది. భార్య.

"ఇంకా రాలేదేం? అక్క ఏది?"

"గీస్తోంది."

"నువ్వేం చేస్తున్నావు?"

"కూర్చున్నాను" అన్నాడతను. "గీయడం అయ్యాక ఇద్దరం వస్తాం."

అవతల గొయ్యి లోతు కొలత దగ్గర వదిన ఆగి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, మళ్ళీ మౌసు అందుకుంది.