లీకుల సారు కారు

ముందుగా ఆ వాసన గురించి చెప్పాలి. ఆ ఇంటి గుమ్మంలో అడుగుపెట్టిన వాళ్ళకు మొదట ఎదురొచ్చేది అదే, మనుషులు ఆ తర్వాతే. తడిసి ముగ్గిన గోనెసంచీ, ఎలుక చచ్చిన మూలా, మాడిన నూనే, మూడూ కలిసి తలుపులేసుకుని కాపురం పెడితే వచ్చే వాసన. ఆ ఇంటి ఇల్లాలు టైలరమ్మకు ఏం తిన్నా అదే రుచి, ఏం కట్టుకున్నా అదే కంపు. తలంటుకున్న పూట కూడా జుట్టు ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలంటే భయం వేసేది.

ఆ వాసనకు పుట్టిల్లు వాళ్ళాయన కారు.

పాతికేళ్ళు దాటిన కారది. యూరప్‌లో ఎక్కడో తయారై, ఓడెక్కి వచ్చి, నలుగురి చేతులు మారి, ఆ నలుగురూ వదిలించుకున్నాక ఈయన నెత్తికెక్కింది. దానికో తలుపు రబ్బరు కావాలంటే ఓడ రావాలి. నెలల తరబడి ఎదురుచూశాక తీరా వచ్చింది ఇంకో రకం కారుదై ఉంటుంది. వీధి చివరి మెకానిక్ ఒకసారి బానెట్ ఎత్తి చూసి, మాట్లాడకుండా దించేసి, "సార్, నాకు పిల్లలున్నారు" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దాన్ని బాగుచేసే బాధ్యత ఈయనే నెత్తిన వేసుకున్నాడు. కారు కదిలింది తక్కువ, ఈయన దాని కింద పడుకున్నది ఎక్కువ.

ఇంతకీ ఈయన ఉద్యోగం నీళ్ళ సరఫరా ఆఫీసులో. ఇనప కడ్డీ ఒక కొస రోడ్డుకీ, రెండో కొస చెవికీ ఆనించి, భూమి లోపల పైపు ఎక్కడ కారుతోందో విని చెప్పడమే పని. అందుకే వీధంతా ఆయన్ని లీకుల సారు అంటుంది. చుక్క కారడం కంట పడితే ఆయనకు నిద్ర పట్టదు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ముందు చేతులు కడిగే కుళాయి బిగించి, తర్వాత వధూవరులను చూసేవాడు. ఆయన సంచిలో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది, అందులో పైపుల సందులకు పెట్టే నల్లటి జిగురు ముద్ద. ఆ ముద్దకు ఆగని నీరు లేదని ఆయన గర్వం.

ఇంటి కింది భాగంలో వీధి వైపు షట్టరున్న గది కారుది. దాని వెనక గది టైలరమ్మది. మధ్యన ఒక్క తలుపు, దానికి కింద బెత్తెడు సందు. ఆ సందులోంచి వాసన తీరుబడిగా లోపలికి వచ్చేది.

"ఇంజను ఒక్కటి దారిలో పడనీ, బండి బయట పెట్టేస్తాను. షట్టరు గది నీదే. బోర్డు కూడా నేనే రాయిస్తా" అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో! ఆ మాట నమ్మే, సందు చివర ఇస్త్రీ దుకాణం ఆవిడ "పైన గది ఖాళీగానే ఉందక్కా, మిషను తెచ్చేసుకో" అని పిలిచినా టైలరమ్మ వెళ్ళలేదు. సొంత ఇంట్లో చోటు పెట్టుకుని పరాయి గదికి పోవడం ఏం బావుంటుందిలే అనుకుంది.

అలాంటి రోజుల్లో ఆవిడకు పెద్ద హోటల్ పని తగిలింది. అక్కడ పనిచేసేవాళ్ళందరికీ కోట్లు కుట్టాలి. ముందు రెండు నమూనా కోట్లు నచ్చితే ఇక ఏడాది పొడుగునా పని ఆవిడదే. ఇన్నేళ్ళూ జాకెట్లు వదులు చేయడం, ప్యాంట్లు పొట్టి చేయడంతోనే చేతులు అరిగిపోయాయి. కొలత తీసి, కత్తిరించి, మొదటి కుట్టు నుంచి చివరి గుండీ దాకా తనదే అనిపించుకునే పని ఇదొక్కటే. ఈ అవకాశం జారిపోతే మళ్ళీ చిరుగుల సంచీ ముందేసుకుని కూర్చోవడమేనని ఆవిడకు తెలుసు. చచ్చినా పోగొట్టుకోకూడదనుకుంది.

హోటల్ మేడమ్ సోమవారం వచ్చింది. కోటు భుజాలు చూసింది, కాలరు తిరగేసి చూసింది, జేబు మూల లాగి చూసింది. ముఖం విప్పారింది. తర్వాత కోటు తొడుక్కుని చూద్దామని దగ్గరికి తీసుకుంది, అంతే. ముక్కు ముడుచుకుపోయింది. కోటు చేతికి దూరంగా పట్టుకుని, "ఏమిటండీ ఇది?" అంది.

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. "పక్క గదిలో పాత కారుందండీ..."

"పని వంక పెట్టేలా లేదు టైలరమ్మా. కానీ దీన్ని తొడుక్కుని మా వాళ్ళు అతిథుల ముందు నిలబడాలి. శుక్రవారం వస్తాను, వేరే రెండు కుట్టి ఉంచండి. అప్పుడూ ఇలాగే ఉంటే నేనేం చెయ్యలేను."

ఆ సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఆవిడ అందుకుంది. "మీ కారు కంపు నా కోట్లకు పట్టింది. దాన్ని బయటన్నా పెట్టండి, ముక్కలు చేసన్నా అమ్మండి."

"కంపా?" ఆయన ఆశ్చర్యపోయాడు. గట్టిగా గాలి పీల్చాడు. "అది తోలు వాసనే! అసలైన విదేశీ తోలు. ఈ వాసన కోసం జనం పడి చస్తారు."

"చచ్చినట్టే ఉంది!" అంది పై మెట్ల మీద నుంచి అత్తగారు. ఆవిడ అప్పటికే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంది. "వాళ్ళ నాన్నకు పావురాల పిచ్చి. రెట్టలు ఎత్తలేక నా నడుం పడిపోయింది. అది కూడా కంపు కాదనే వాడు మహానుభావుడు."

"అమ్మా, నువ్వూరుకో! నాకైతే ఏ వాసనా రావట్లేదు" అని ఆయన కారు అద్దం మీద మరక తుడవడానికి వెళ్ళిపోయాడు. గోడకు చెప్పినా కాస్త నయం అనిపించింది టైలరమ్మకు.

మర్నాడే ఆవిడ మిషను, గుడ్డ, దారాలు, గుండీలు, అన్నీ పైన అత్తగారి గదిలోకి చేరవేసింది. కోట్ల లోపల వేసే నల్లటి నూలు లైనింగును ముందే ఒక్కో కోటుకు ఒక్కో ముక్కగా కత్తిరించి దొంతర పెట్టుకుంది. ఏది పైవైపో తెలియడానికి ప్రతి ముక్క మూలకూ ఎర్రదారంతో ఒక కుట్టు వేయడం ఆవిడ అలవాటు. ఆ దొంతరను కూడా మోసుకెళ్ళింది. కిటికీలన్నీ తెరిచింది. అత్తగారు మంచం గోడకు జరుపుకుని, గుండీలు అందిస్తూ, కోడలు కళ్ళు నలుపుకున్నప్పుడల్లా "కాసేపు నడుం వాల్చమ్మాయ్" అంటూ తోడు కూర్చుంది. గురువారం పొద్దుగూకే సరికి రెండు కోట్లూ తయారయ్యాయి. ఇంతకుముందు వాటికంటే బాగా కుదిరాయి. టైలరమ్మకు తన చేతుల మీద తనకే ముద్దొచ్చింది.

శుక్రవారం పొద్దున్న ఇస్త్రీ చేద్దామని కోటు మీద వేడి పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది, దాంతో పాటు అదే కంపు కూడా లేచింది.

ఆవిడ పెట్టె పక్కన పెట్టేసింది. "ఇదెక్కడి ఖర్మ అత్తయ్యా! ఇక్కడికి కారు రాలేదే, కిటికీలు తీసే ఉన్నాయే!"

ముందు తన చేతులు వాసన చూసుకుంది. కోటు పైగుడ్డ చూసింది, బాగానే ఉంది. తిరగేసి లైనింగు చూసింది. అంతే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దొంతరలో పైముక్కలు తీసి చూసింది, వాటికేం లేదు. అడుగు ముక్కలు మాత్రం ముక్కు దగ్గరికి తేలేకపోయింది. ఆ అడుగు నుంచే లాగి ఈ రెండు కోట్లకూ వేసింది తను. ఇంతకాలం కింద ఆ కంపులోనే కూర్చుని ఉండడంతో ఏది గుడ్డ వాసనో, ఏది గది వాసనో ఆవిడ ముక్కుకు తేడా తెలియలేదు. అత్తగారి ముక్కుకేమో ఎప్పుడూ గుడ్డ అడ్డమే.

ఒకే దొంతరలో అడుగుది కంపు కొట్టడం, పైది కొట్టకపోవడం ఏమిటి? గాలికి పట్టేదైతే ముందు పైముక్కకు కదా పట్టాలి! ఆవిడ మెట్లు దిగింది.

ఆ రోజు ఆయనకు సెలవు. సెలవంటే కారుకు తలంటు. గొట్టంతో దాని పైకప్పు మీద నుంచి నీళ్ళు దిమ్మరించి, అప్పుడే కుళాయి కట్టేయడానికి పెరట్లోకి వెళ్ళాడు. టైలరమ్మ కారు తలుపు తెరిచింది. కాళ్ళ కింద పరిచిన తివాచీ కొస పట్టుకుని ఎత్తింది. అది చర్మం ఊడినట్టు జిగటగా ఊడి వచ్చింది. కింద నల్లటి నీళ్ళు, వాటిలో తెల్లటి పురుగులు, మూలన చిన్న చిన్న పుట్టగొడుగులు. ఆ నీళ్ళలో నాలుగు మడతలు వేసి పరిచిన గుడ్డ ఒకటి ఉబ్బి పడుంది. దాని మూలన ఎర్రదారం కుట్టు.

ఆవిడ ఆ మూల పట్టుకుని పైకి లాగబోయింది.

"అది ముట్టుకోకు!" వెనక నుంచి ఆయన కేక. "ఇంకా పీల్చలేదు."

"ఇది నా లైనింగు."

"అవును. నూలు కదా, నీళ్ళు బ్రహ్మాండంగా పీలుస్తుంది. వేరే ఏ గుడ్డా ఇంత బాగా పనిచెయ్యలేదు. ఊరికే వాడుకోలేదులే. పిండి, పెరట్లో ఆరేసి, మడతపెట్టి, మళ్ళీ నీ దొంతర అడుగునే పెడుతున్నాను. ఇది తప్ప అన్నీ అక్కడే ఉన్నాయి, కావాలంటే చూసుకో."

"ఆరేసి మళ్ళీ పెట్టారా?"

"నల్లది కదా, మరక కనబడదు."

"మరి వాసన?"

ఆయన గొట్టం చుట్టుకుంటూ అటు తిరిగాడు. "కాస్త వస్తుంది. నాకు మాత్రం తెలీదూ?"

ఆ ఒక్క మాటతో ఆవిడ ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ ఈయన ముక్కు చెడిపోయిందనుకుంది, పాపం పిచ్చి ప్రేమ అనుకుంది. అంతా తెలిసే, ఆ పురుగుల నీళ్ళు తన గుడ్డతో అద్ది, మడతపెట్టి, తన చేతికే అందించాడు. తోలు వాసన అని తన ముఖం మీదే చెప్పాడు. కారు మీద ఉన్న రోత కాస్తా ఆ క్షణాన మనిషి మీదికి మళ్ళింది.

"ఛీ!" అంది.

"ఛీ ఏమిటి? నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకున్నానంటే అంతా ఆగిపోతుంది. ఊళ్ళో పైపులన్నీ వినగలను, దీని గుట్టు మాత్రం దొరకట్లేదు. కారకుండా కిందంతా నేనే మూశాను కూడా!"

"కింద ఏం మూశారు?"

"తలుపుల కింద చిల్లులుండేవి. కడిగినప్పుడల్లా వాటిలోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారేవి. ఒక్కటి వదలకుండా ముద్ద పెట్టేశాను."

అప్పటికి అత్తగారు కూడా దిగి వచ్చింది. "ఒరేయ్, కడిగిన నీళ్ళు బయటికి పోయే దారి నువ్వే మూసుకున్నావట్రా? మొక్క కుండీకి అడుగున చిల్లు ఎందుకు పెడతారనుకున్నావు?"

ఆయన మొహంలో సిగ్గు ఒక్క క్షణం కూడా నిలవలేదు. టైలరమ్మ నడుమున దోపుకున్న కత్తెర తియ్యడం చూడగానే అది భయమైపోయింది.

ఆవిడ వంగి, తలుపు కింద అంచున ఉన్న నల్లటి బిళ్ళలోకి కత్తెర మొన గుచ్చి పెకలించింది. కుళ్ళునీరు బుడబుడమని దూకింది. ఆ కంపుకు అత్తగారు షట్టరు బయటికి పరుగెత్తింది.

లీకుల సారు చూడలేకపోయాడు. నీరు కారుతుంటే ఊరుకోవడం ఆయన ఒంట్లోనే లేదు. దబ్బున నేల మీద పడుకుని చిల్లుకు బొటనవేలు అడ్డం పెట్టాడు. "ముద్ద! ఆ సంచిలో డబ్బా ఉంది, ఇటివ్వు!"

ఆవిడ రెండో బిళ్ళ పీకింది. ఆయన రెండో బొటనవేలు పెట్టాడు. మూడోది పీకింది. ఆయన దగ్గర ఇంకో బొటనవేలు లేదు. నీరు ఆయన చొక్కా కిందుగా, మెడ చుట్టూ తిరిగి వీధిలోకి పారింది.

షట్టరు దగ్గర హోటల్ మేడమ్ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో! నీళ్ళు తగలకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

టైలరమ్మ కత్తెర తుడుచుకుంది. దాచడానికి ఆవిడకు మనసొప్పలేదు. "మేడమ్, కోట్లు పైన ఉన్నాయి. కుట్టు చూడండి, కానీ తీసుకెళ్ళకండి. ఈ నీళ్ళు అద్దిన గుడ్డే వాటి లోపల పడింది. నాకు ఇప్పుడే తెలిసింది."

మేడమ్ కింద పడుకున్న మనిషిని చూసింది, ఆయన వేళ్ళను చూసింది. "మీ చేతి పని నాకు నచ్చింది టైలరమ్మా. కానీ ఈ ఇంట్లో కుట్టిన కోటు మా వాళ్ళ ఒంటి మీద వెయ్యలేను."

"ఈ ఇంట్లో కుట్టకపోతేనో?"

"ఎక్కడ కుడతారో చెప్పండి. సోమవారం అక్కడికే వస్తాను."

"సందు చివర ఇస్త్రీ దుకాణం పైన." అన్నాక టైలరమ్మకే ఆశ్చర్యం వేసింది, అంత తేలిగ్గా నోటికి వచ్చినందుకు.

మేడమ్ వెళ్ళింది. టైలరమ్మ పైకెక్కి, మిషను బల్లకున్న మరలు విప్పి, దాని తలభాగాన్ని సంచిలో సర్దుకుంది. మంచి గుడ్డ తీసుకుంది. కంపు ముక్కలన్నీ కోట్లతో సహా తెచ్చి కారు ముందు సీటులో పడేసింది.

"ఎక్కడికి?" కింద నుంచి ఆయన అడిగాడు. వేళ్ళు మాత్రం తియ్యలేదు. "సరే వెళ్ళుదువుగాని. ముందు ఆ డబ్బా ఇచ్చి వెళ్ళు."

ఆవిడ సంచి భుజానికెత్తుకుని షట్టరు దాటింది. వెనక చెప్పుల చప్పుడు వినబడి తిరిగి చూస్తే, అత్తగారు చంకలో దుప్పటి, చేతిలో గుండీల డబ్బా పెట్టుకుని గబగబా వస్తోంది.

"అమ్మా! నువ్వన్నా ఇవ్వవే ఆ ముద్ద!" లోపల నుంచి ఆయన అరుస్తున్నాడు.

"వేళ్ళు పెట్టావుగా, ఉంచుకో!" అని అరిచి, ఆవిడ ముక్కు మీది గుడ్డ తీసి కోడలి పక్కన చేరింది. "పద అమ్మాయ్. ఆ గదికి కిటికీలున్నాయా?"

"రెండున్నాయి అత్తయ్యా."

"చాల్లే" అంది అత్తగారు.