ఒక్క మనిషి కంపెనీ

టైర్ల షాపు వెనక రేకుల షెడ్డులో ఆమె చంద్రుడి దుమ్ముతో కుస్తీ పడుతూ ఉండేది. నిజంగా చంద్రుడి నుంచి తెచ్చిందేమీ కాదు, అచ్చం అలాగే ఉండేలా తయారుచేసి అమ్మే బూడిదరంగు పొడి. చంద్రుడి మీద గాలీ నీరూ లేవు కాబట్టి అక్కడి దుమ్ము అరగదు. పగిలిన గాజులా వాడిగా ఉండి, యంత్రాల కీళ్లలో దూరి వాటిని కొరికేస్తుంది. అది లోపలికి పోకుండా, తిరిగే ఇరుసు చుట్టూ ఉంగరంలా తొడిగే, సన్నటి పోగులు గుచ్చిన సీలు ఒకటి చేయాలని ఆమె పట్టుదల.

అంతకు ముందు ఒక పెద్ద పంపుల కంపెనీలో సీళ్ల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఈ ఆలోచన అక్కడ ఎవరి తలకీ ఎక్కలేదు. ఉద్యోగం మానేసి సొంత కంపెనీ పెట్టింది. కంపెనీ అంటే ఆమె ఒక్కతే. యజమాని తనే, ఇంజనీరు తనే, నేల ఊడ్చేదీ తనే. టైర్ల షాపాయన ఆమెకు చందమామ మేడం అని పేరు పెట్టాడు.

"ఏం మేడం, ఇంకా పైకి ఎక్కలేదా?" అనేవాడు, ఆమె తాళం తీస్తుంటే.

రోజూ అదే జోకు. రోజూ ఆమె నవ్వేది. కొన్ని రోజులైతే ఆ నవ్వు తప్ప ఆమె నోటి నుంచి ఇంకో శబ్దం వచ్చేది కాదు.

ప్రభుత్వ అంతరిక్ష పరిశోధన శాఖ ఇలాంటి చిన్న కంపెనీలకు రెండు దశల్లో పని ఇస్తుంది. మొదటి దశలో ఆలోచన నిలబడుతుందో లేదో చూపించాలి. నిలబడితే రెండో దశలో అసలు నమూనా తయారుచేయాలి, అయితే దానికి మళ్లీ పోటీ పడాలి. ఆమెకు మొదటి దశ కాంట్రాక్టు వచ్చింది. షెడ్డులో ఒక యంత్రం అమర్చి, చంద్రుడి మీద ఉండేంత చలిలో, ఆ దుమ్ములో సీలు తొడిగిన ఇరుసును తిప్పి పరీక్షించడం మొదలుపెట్టింది. కాంట్రాక్టుతో పాటు ఒక మనిషి కూడా వచ్చాడు.

ఆయన శాఖ తరఫున ఆమె పని చూసే సాంకేతిక అధికారి. నెలకోసారి ఫోన్ చేసి, పని ఎంతవరకూ వచ్చిందో కనుక్కోవాలని కాంట్రాక్టులోనే రాసి ఉంది. మొదట్లో ఆ ఫోన్లు పొడిపొడిగా సాగాయి. అనుకున్న టైముకే నడుస్తోందా, సామాను అందిందా, అంతే. తర్వాత ఒకసారి ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"మీరు పంపిన గ్రాఫులో మధ్యలో గీత కొంచెం పైకి లేచిందేంటండి? చలి పెంచినప్పుడా?"

ఆమె ఆ గ్రాఫు తీసి ముందు పెట్టుకుంది. ఆ గీతను తను తప్ప ఇంకెవరూ చూడరనుకుంది.

"అవునండి. చలికి పోగులు బిగుసుకుంటున్నాయి. వంగాల్సినవి వంగట్లేదు."

"మరి పోగు మందం తగ్గిస్తే?"

"తగ్గిస్తే దుమ్ము దూరుతోంది. అక్కడే తల ప్రాణం తోకకొస్తోంది."

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ రోజు చెవి వేడెక్కేదాకా మాట్లాడుకున్నారు. ఆయన కూడా ఒకప్పుడు బేరింగుల ఇంజనీరేనట. ఫైళ్లలో పడ్డాక చేతికి గ్రీజు అంటి ఎన్నేళ్లయిందో అన్నాడు. అప్పటి నుంచి ఆమె నెలంతా ఆ ఫోన్ కోసం మాటలు పోగేసుకునేది. ఏదైనా కొత్తగా కనిపిస్తే, ఇది ఆయనకి ఎలా చెప్పాలా అని ముందు మనసులో చెప్పుకుని చూసుకునేది.

ఒకసారి షెడ్డు చూడటానికి కూడా వచ్చాడు. సన్నగా, కొంచెం వంగిన భుజాలతో, ఇస్త్రీ చెదరని చొక్కాలో. కాంట్రాక్టరు దగ్గర గుక్కెడు టీ కూడా తాగకూడదని వాళ్ల రూలు, అందుకని ఫ్లాస్కులో తన టీ తనే తెచ్చుకున్నాడు. ఇద్దరూ యంత్రానికి చెరోవైపు నిలబడి ఎవరి టీ వాళ్లు తాగారు. గాజు కిటికీలోంచి ఇరుసు తిరగడం చూస్తూ ఆయన చాలాసేపు కదల్లేదు. వెళ్లేముందు, "బాగుందండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె వారం రోజులు తేలిపోయింది.

చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఇంటికి వెళ్లే ఓపిక లేక షెడ్డులోనే మడత మంచం మీద పడిపోయింది. అప్పుడే కరెంటు పోయి యంత్రం ఆగింది. లేచి దాన్ని మళ్లీ నడిపించే మనిషి లేడు. పరీక్ష మొత్తం పాడైంది. టైర్ల షాపాయన సెలవులో ఉన్నాడు. ఆ రోజులన్నీ తలుపు తట్టిన వాళ్లు లేరు.

ఆ నెల ఫోన్‌లో ఆయన అడిగాడు. "మధ్యలో లెక్కలు లేవేంటండి?"

"జ్వరమండి. లేవలేకపోయాను."

"ఎవరు చూసుకున్నారు మిమ్మల్ని?"

"ఎవరూ లేరండి. దానంతటదే తగ్గింది."

"మీ అక్కగారు ఇక్కడే ఉంటారన్నారు కదా?"

"అక్కకి చెప్తే షెడ్డు మూసేసి ఉద్యోగం చూసుకోమంటుంది. మీకు ఈ పని విలువ తెలుసు కాబట్టి చెప్పాను."

"సరే," అన్నాడాయన. తర్వాత మళ్లీ పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు.

మొదటి దశ బాగానే ముగిసింది. పోగులు రెండు వరసలుగా, ఒకటి మెత్తగా, ఇంకొకటి గట్టిగా అమర్చి చలిని కూడా గెలిచింది. రెండో దశకి దరఖాస్తు పెట్టే ముందు ఆయన చివరిసారి ఫోన్ చేశాడు.

"పోటీ తేలేదాకా నేను మీతో మాట్లాడకూడదండి. నేను కూడా మార్కులు వేసే వాళ్లలో ఉంటాను. ఏం కావాలన్నా కాంట్రాక్టుల విభాగానికి రాయండి."

"పని గురించి కూడానా?"

"పని గురించే కదండీ మనం మాట్లాడేది," అన్నాడు.

నెలలు గడిచాయి. ఆయన ఫోన్ చేసే వారం వచ్చినప్పుడల్లా ఆమె ఫోన్ దగ్గరగా పెట్టుకునేది. రాదని తెలుసు. కొత్తగా కనిపెట్టిన సంగతులు కడుపులోనే ఉండిపోయేవి. ఒకసారి పట్టలేక టైర్ల షాపాయనకి పోగుల సంగతి చెప్పబోయింది. ఆయన ఓపిగ్గా విని, "మొత్తానికి బ్రష్షు అన్నమాట" అన్నాడు. తప్పేమీ కాదు, నిజంగా బ్రష్షే.

చివరికి జవాబు వచ్చింది. ఎంపిక కాలేదు.

ఎంపిక కాని వాళ్లు అడిగితే, ఎందుకు కాలేదో శాఖ వాళ్లు ఎదురుగా కూర్చుని చెప్పాలి. చాలామంది కోపం కొద్దీ అడుగుతారు. ఆమె అడిగింది కోపంతో కాదు. ఒక గంటసేపు నలుగురు కూర్చుని తన సీలు గురించి మాట్లాడతారు, ఆ నలుగురిలో ఆయన ఉంటాడు. అందుకని అడిగింది.

ఉన్నాడు. బల్లకి అటు చివర కూర్చున్నాడు. మాట్లాడే పని మాత్రం కాంట్రాక్టుల అధికారిణిది. ఆవిడ చురుకైన మనిషి, కాగితం చూసి గడగడా చదివింది. సాంకేతికంగా బలమైన ప్రతిపాదన. పరీక్షలు నమ్మదగినవి. ఆలోచన కొత్తది.

"బలహీనత," అని ఆవిడ పేజీ తిప్పింది. "పనంతా ఒక్క మనిషి మీదే ఆధారపడి ఉంది. ఆ మనిషికి అనారోగ్యం చేస్తే పని ఆగిపోతుంది. మొదటి దశలో అలా ఒకసారి ఆగింది కూడా. సహాయానికి ఎవరూ లేరు."

ఆ జ్వరం సంగతి ఈ భూమ్మీద ఆమెకు కాక ఒక్కరికే తెలుసు. ఆయన వైపు చూసింది. ఆయన బల్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

"ఏమైనా అడుగుతారా?" అంది అధికారిణి.

సీలు గురించి అడగాలని రాసుకొచ్చినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు. "లేదండి," అంది.

బయటివాళ్లు ఆ భవనంలో ఒంటరిగా తిరగకూడదు. ఎవరో ఒకరు గేటు దాకా వెంట రావాలి. ఆయనే లేచాడు. పొడుగాటి వరండాలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఎదురొచ్చిన గుమాస్తా ఎవరో ఆయనకి నమస్కారం పెట్టాడు.

"అది మీరే రాశారు," అంది ఆమె.

"ఎవరు రాశారో చెప్పకూడదండి."

"నేను మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాట అది."

ఆయన నడక ఆపలేదు. "రాసినవాళ్లు అబద్ధం రాశారా?"

"లేదు," అంది ఆమె.

మెట్లు దిగారు. గేటు దగ్గర ఆమె మెడలో ఉన్న సందర్శకుల కార్డు తీసి కాపలా మనిషికి ఇచ్చింది. ఆయన వెంటనే వెనక్కి తిరగలేదు.

"ఆ జ్వరం సంగతి మీ అక్కగారికి చెప్పారా?"

"లేదు."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

బస్సులో దారంతా ఆమె ఆయన్ని తిట్టుకుంది. మనసులో తిట్టుకోవడానికి కూడా ఆయనతో మాట్లాడినట్టే మాట్లాడింది. దిగాల్సిన చోట దిగకుండా, అక్క వాళ్ల వీధి దాకా వెళ్లి దిగింది.

అక్క బళ్లో లెక్కల టీచరు. తలుపు తీసి, చేతిలో ఎర్ర పెన్నుతో అలాగే నిలబడిపోయింది. "ఏమే చిట్టీ, ఇలా ఊడిపడ్డావు? ఏమైంది?"

ఆమె కుర్చీలో కూర్చుని అంతా చెప్పింది. కాంట్రాక్టు రాలేదని, ఎందుకు రాలేదని, చలికాలంలో షెడ్డులో ఎలా పడి ఉందని. కాంట్రాక్టు సంగతి అక్క చెవికి ఎక్కనేలేదు.

"జ్వరం వచ్చి ఒక్కదానివే పడున్నావా? ఎప్పటి మాట ఇది? ఎవరో ఆఫీసరుకి చెప్పుకున్నావు గానీ నాకు చెప్పాలనిపించలేదా? ఛీ, నీతో మాట్లాడను పో!"

అని వంటింట్లోకి పోయింది. గిన్నెలు దబదబా చప్పుడు చేశాయి. బావ పేపరు మడిచి ఫ్యాను వేగం పెంచాడు. కాసేపటికి అక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపింది.

"ఆ షెడ్డు తాళం ఇంకోటి ఉందా? ఇలా ఇవ్వు."

ఇచ్చింది. అప్పటి నుంచి అక్క బడి అయ్యాక ఎప్పుడైనా వచ్చి, కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. సీలు గురించి ఆమె చెప్తే "ఊఁ" కొట్టేది. వినేది కాదు, కానీ ఊఁ మాత్రం మానేది కాదు.

మరుసటి ఏడు ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి పంపుల కంపెనీలో తన కింద పనిచేసిన ఒక పొడుగాటి అమ్మాయిని అడిగి తోడు తెచ్చుకుంది. పొడుగాటమ్మాయి మంచి పనిమంతురాలు. పని చేస్తూ పాటలు పాడుతుంది, సాయంత్రం కాగానే బ్యాగు తగిలించుకుని ఇంటికి పోతుంది. రెండో దశ కాంట్రాక్టు వచ్చింది. అధికారి మాత్రం మారాడు. కొత్తాయన నెలకోసారి తప్పకుండా ఫోన్ చేస్తాడు. అనుకున్న టైముకే నడుస్తోందా, సామాను అందిందా. సరే, మంచిది, ఉంటానండి. పాతాయన వేరే విభాగానికి వెళ్లి, అక్కడి నుంచి రిటైరయ్యాడని మాటల్లో తెలిసింది.

నమూనా పూర్తయ్యే రోజుల్లో ఒక సాంకేతిక సదస్సు జరిగింది. విరామంలో జనం మధ్య ఆయన కనిపించాడు. జుట్టు బాగా నెరిసింది. ఆయనా చూసి, జనాన్ని తప్పించుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఏ రూలూ లేదు. ఏమైనా మాట్లాడుకోవచ్చు.

"బాగున్నారా?" అన్నాడు.

"బాగున్నానండి. మీరు?"

"బాగానే ఉన్నాను. ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగుందండి. ఇప్పుడు ఇంకో అమ్మాయి కూడా పనిచేస్తోంది."

"విన్నాను. సంతోషం."

ఆమె గ్రాఫుల గురించి చెప్పాలనుకుంది. ఆయన చేతిలో సదస్సు సంచీ ఉంది, దాని పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు. ఏ గ్రాఫు నుంచి మొదలుపెట్టాలి? మధ్యలో కొన్నేళ్లు ఉన్నాయి. ఆయన కూడా ఏదో అడగబోయి ఆగాడు. ఎవరో వెనక నుంచి ఆయన భుజం తట్టి, గట్టిగా పలకరించి, అవతలికి తీసుకుపోయారు. వెళ్తూ ఆయన చెయ్యి కొంచెం ఎత్తాడు. ఆమె కూడా ఎత్తింది.

హాల్లో పొడుగాటమ్మాయి పక్క కుర్చీలో దుపట్టా వేసి చోటు ఆపి ఉంచింది.

"ఎవరు మేడం ఆయన?"

ఆమె కూర్చుని, దుపట్టా మడిచి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"పాత కాంట్రాక్టులో తెలిసినాయన," అంది.

"ఓహో," అని ఆ అమ్మాయి పెన్ను తీసుకుని వేదిక వైపు తిరిగింది.