ఉప్పు తిన్న రోషం

అది ఎనభై ఒకటో సంవత్సరం, చెరకు కొట్టే కాలం. మొగుడంపల్లి చేలలో మధ్యాహ్నం సద్దిమూటలు విప్పారు. చెన్నబసప్ప తినడానికి కూర్చుంటే చుట్టూ జనం చేరడం మామూలే. అన్నం కోసం కాదు, ఆయన కోతల కోసం. తన ఎద్దు తుమ్మితే బొంబాయి రోడ్డు మీద లారీ పక్కకు ఒరిగిందని ఆయన చెబితే నమ్మినవాళ్లున్నారు. పాఠకులారా, ఆ తుమ్ము వరకు నేనూ నమ్మాను.

ఆ రోజు ఆయన బావమరిది శరణప్ప రొట్టె ముక్కను బావ పప్పులో ముంచి నోట్లో పెట్టుకుని, వెంటనే ఉమ్మేశాడు.

"ఏంది బావా, ఉప్పే లేదు! మా అక్క మరిచిందా, నువ్వు ఉప్పుకారం తినుడు బంద్ చేసినవా?"

"డాక్టర్ వద్దన్నడు రా."

"ఉప్పు తిననోనికి రోషమేడుంటది? ఇగ ఎవడన్న తిట్టినా నవ్వుకుంట పోతవన్నట్టు!"

చేనంతా నవ్వింది. బావను ఏడిపించనివాడు బావమరిదే కాదు గదా! కానీ ఆ మాట చెన్నబసప్పకు ముల్లులా దిగింది.

వారం కిందట తల పగిలిపోయే నొప్పి వస్తే, భార్య నాగమ్మ ఆయన్ను జహీరాబాద్‌లో డాక్టరుకు చూపించింది. డాక్టరు బీపీ చూసి చెప్పాడు:

"చేన్ల నీళ్లెక్కువైతే గండి కొట్టి ఇడుస్తవ్ గద. ఒంట్ల ఎక్కువైన ఉప్పును గుర్దాలు, గదే కిడ్నీలు, గట్లనే మూత్రంల ఇడుస్తయి. నీ గుర్దాలకు అంత ఉప్పు ఇడుసుడు చాతనైతలేదు. ఉప్పు ఆగితే దాని యెంబడి నీళ్లాగుతయి. నెత్తురు పెరిగి నాళాల మీద జోరు పడ్తది. గోలీలు మింగు, ఉప్పు తగ్గియ్యి. లేకుంటే ఒక దినం గట్టు తెగుతది."

రైతు గనుక ఆయనకు బాగానే అర్థమైంది. అయినా చేనంతా నవ్విన నవ్వే బరువుగా తోచింది. మర్నాడు రుమాలులోంచి దొడ్డుప్పు తీసి, అందరి ముందూ కరకరా నమిలాడు.

"సూడున్రి రా, రోషమంటే ఇది!"

చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు శరణప్పే. అప్పటినుంచి అదే రోజూ తమాషా అయింది.

"కాళ్లుబ్బి చెప్పులు పడ్తలేవు. జర నా మాట ఇను," అని నాగమ్మ ఏడ్చింది.

"మగోన్ని సప్పిడి తిండి తినుమంటవా?" అన్నాడాయన.

ఒకనాడు బండికి చెరకు ఎత్తుతూ, "మా ఎద్దు ఒకపాలి ఏం జేసిందంటే..." అని మొదలుపెట్టాడు. మూతి పక్కకు పోయింది. కుడిచేయి జారింది. మనిషి కూలిపోయాడు. ఎద్దు ఏం చేసిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ప్రాణం మిగిలింది గానీ మాట పోయింది. శరణప్ప రోజూ వచ్చి బావకు జావ తాగించేవాడు.

"ఒక్కపారి తిట్టు బావా," అని బతిమాలాడొకనాడు, గిన్నె మీదికి వంగి.

నాగమ్మ మెల్లగా అంది: "జర దూరం జరుగు తమ్మీ. నీ కండ్లనీళ్లు జావల పడ్తున్నయి. అవి గూడ ఉప్పే."

ఉగాదికి ముందే చెన్నబసప్ప మట్టిలో కలిసిపోయాడు.

మళ్లీ చెరకు కాలం వచ్చింది. సద్ది దగ్గర ఎవరో ఇంకెవరినో, "ఉప్పుకారం తింటలేవా?" అని మేలమాడారు. అందరూ నవ్వబోయారు. శరణప్ప రొట్టె కింద పెట్టి లేచాడు.

"ఉప్పు తగ్గించెటోన్ని జూసి నవ్వకున్రి. ఉప్పుల ఉండేది రుచే, రోషం గాదు. ఉప్పుల రోషమే ఉంటే, గంత ఉప్పు నమిలిన మా బావ ఇయ్యాల మన నడుమ కూసోని కోతలు కోస్తుండె."