ఎరుపు లేని మంట

విమల ప్రొద్దుటూరుకు పోయి కరెంటు పెట్టించుకొని వచ్చిన సాయంత్రాల్లో, జమ్మలమడుగులో వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది కాదు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశాక, మిగిలిన రోగం చావాలని డాక్టర్లు రాసిన కరెంటు అది. ఆమె బస్సు దిగి వచ్చి వసారాలో కూర్చోగానే అత్త మేరమ్మ పాలగిన్నె తెచ్చి ఎడమపక్కన ఆనించేది. కాసేపటికి పాలు పొంగేవి. పక్కింటి దిల్షాద్‌బీ ఆ వేడికి ఎండబెట్టమని పచ్చి ఒడియాల పళ్ళెం పంపేది. మొగుడు యాకోబు చర్చికి వేసుకునే చొక్కాను ఆమె వీపుకు ఆనించి మడతలు తీసుకునేవాడు. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. అంత కరెంటు ఒంట్లోకి పోతే వేడి ఉండదా మరి! గ్యాసు మిగులుతోందని సంతోషించారు కూడా.

ఆ మనిషి ఎక్కడ కాలుతోందో మాత్రం ఒక్కరూ అడగలేదు. రొమ్ము కింద మడతలో చర్మం చిట్లి రసి కారుతోంది. జాకెట్టు విప్పితే తోలు దాంతోపాటే ఊడి వచ్చేది.

వారానికోసారి ఆసుపత్రిలో డాక్టరు, కరెంటుకు ఒళ్ళు ఎంత కాలిందో చూసి మార్కులు వేసేవాడు. సున్నా అంటే ఏమీ లేదు, నాలుగంటే ఘోరం. చూసి పోల్చుకోవడానికి గోడకు ప్లాస్టిక్ అట్ట ఒకటి తగిలించి ఉండేది. దాని మీది ఆడవాళ్ళందరూ పాలలా తెల్లగా ఉన్నారు. ఒకటికి లేత గులాబీ, మూడుకు మిరపపండు ఎరుపు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే అట్టనోసారి, విమలనోసారి చూసి, "ఎరుపు లేదమ్మా. ఒకటి. కొబ్బరినూనె రాసుకోండి," అనేవాడు. విమల కారునలుపు మనిషి. నల్లని ఒంట్లో ఎరుపు వెతికేవాడికి ఏం కనపడుతుంది, వాడి తలకాయ!

ఆ సాయంత్రం మేరమ్మ గిన్నె ఇంకాస్త దగ్గరికి జరిపింది. "కొంచెం ఈపక్కకు తిరుగు. పాలు ఇంకా పొంగలా."

"అత్తా, నీకెట్లుందని ఒక్కనాడన్నా అడిగినావా?"

"ఎట్లుంటాది? డాక్టరు ఒకటంటాండాడు కదా. ఒకటంటే ఏం లేదనే."

"ఒకటికే ఇంత రాద్ధాంతం ఏంది?" అన్నాడు యాకోబు.

విమలకు ఒళ్ళు మండింది, ఈసారి కోపంతో. "రేపు సూపించుకుంటా. రేపూ ఒకటే అంటే మళ్ళా ఆ మిషను కిందికి పోను. రోగంతోనే సస్తా."

మర్నాడు డాక్టరు అలవాటుగా తలెత్తాడు, దించాడు. "ఎరుపు లేదు. ఒక..."

"ఎత్తి సూడండి సార్."

"పైనుంచి కనిపిస్తోంది కదమ్మా."

"మీకు కనిపిస్తాండేది గోడ మీద తెల్లోళ్ళు! నేను కాదు!"

విమల లేచి ఆ అట్టను మేకు నుంచి పీకింది. ఎడమ రొమ్ముకు అదుముకుని అలాగే నిలబడింది. ప్లాస్టిక్ కమురు వాసన గదంతా కమ్మింది. నర్సు తనపాటికి తాను కిటికీ తెరిచింది. విమల అట్టను బల్ల మీద పెట్టేసరికి దాని మీది తెల్లవాళ్ళందరూ విమలంత నల్లబడ్డారు. ఎరుపు ఎక్కడా లేదు. వాళ్ళ రొమ్ముల కింది మడతల్లో మాత్రం బొబ్బలు లేచి, చిట్లి ఉన్నాయి.

డాక్టరు చాలాసేపు అట్టనే చూశాడు. తర్వాత లేచి, లైటు దగ్గరికి లాగి, నర్సు చేత రొమ్ము ఎత్తించాడు. ఆయన మొహం మాడిపోయింది.

"మూడు," అన్నాడు మెల్లగా. "పుండు మానేదాకా కరెంటు ఆపుదాం. రోజూ కట్టు కట్టించుకోండి. మానాక మిగతాది పూర్తి చేద్దాం. మధ్యలో మానేయకండమ్మా."

నర్సు ఆ అట్టనే మళ్ళీ మేకుకు తగిలించింది. విమల బయటికి వస్తుంటే లోపల డాక్టరు తర్వాతి ఆమెతో, "చెయ్యి పైకెత్తమ్మా, కింద చూడాలి," అంటున్నాడు.

ఇంటికొచ్చేసరికి మేరమ్మ గిన్నెతో గడపలోనే ఉంది. "ఎంతంట?"

"మూడు."

మేరమ్మ గిన్నె వెనక్కి తీసుకుపోయి పొయ్యి వెలిగించింది. వచ్చి కోడలి పక్కన కూర్చుంది. "శానా నొప్పిగా ఉందా, బిడ్డా?"

కరెంటు మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ మాట వినపడటం అదే మొదలు. అదీ డాక్టరు అంకె మార్చాక.

"పాలు పొంగుతాండాయి, పోయి సూసుకో," అని విమల గోడవైపు తిరిగి పడుకుంది.